కబురు చెప్పే వేషం

సినిమాల్లోనూ సీరియళ్లలోనూ నేను ఎక్కువసార్లు వేసింది డాక్టరు వేషం. ప్రాణం పోసే డాక్టరు కాదు. దానికి వేరే నటులుంటారు. వాళ్లకు నాలుగైదు సీన్లుంటాయి, ఒక్కోసారి కథలో ఒక కుటుంబం కూడా ఉంటుంది. నాది ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బయటికి వచ్చే డాక్టరు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి ఎదురొస్తారు. నేను కళ్లద్దాలు తీస్తాను, చావు కబురు చెబుతాను, ఫ్రేములోంచి వెళ్లిపోతాను. ఏడవడం మిగతావాళ్ల పని. ఒక పూటతో అయిపోయేది. మేకప్ తుడుచుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరిన రోజులే ఎక్కువ.

కళ్లద్దాలు తీయడం వెనక పెద్ద ఆలోచనేమీ లేదు. మొదటిసారి ఆ వేషం వేసినప్పుడు లైట్లు అద్దాల మీద పడి కళ్లు కనిపించడం లేదని కెమెరామన్ విసుక్కున్నాడు. డైలాగుకు ముందు తీసేయమన్నారు, తీసేశాను. కొన్నాళ్లకు ఇంకో దర్శకుడు నన్ను పిలిపించి, "అద్దాలు తీసి చెప్పారే, అలాగే కావాలి" అన్నాడు. అది నాకు అలవాటైంది, చూసేవాళ్లకూ అలవాటైంది. మా కాలనీలో నిజం డాక్టరు ఒకాయన ఉండేవాడు. "మీ పుణ్యమా అని నేను క్లినిక్‌లో అద్దాలు తుడుచుకోవడానికి కూడా లేదండీ, పేషెంట్లు హడలిపోతున్నారు" అనేవాడు.

నేను నాటక పరిషత్తుల నుంచి వచ్చినవాణ్ణి. వచ్చేటప్పుడు చాలా అనుకుని వచ్చాను. అనుకున్నవి కాలేదు. దానికి ఒకప్పుడు బాధపడ్డాను గానీ అది కూర్చుని రాయదగినంత బాధ కాదు. పని దొరికింది, దొరుకుతూనే ఉంది. ఈ వృత్తిలో అది తక్కువ మాట కాదు. నా పేరు ఎవరికీ తెలియదు, ముఖం చాలామందికి తెలుసు. రైల్లో ఎదుటి సీటువాళ్లు చాలాసేపు చూసి చూసి, "మీరు మా బ్రాంచిలో మేనేజరుగా చేశారు కదూ" అంటారు. అవునంటే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

సీరియళ్లు వచ్చాక పని తీరు మారింది. సినిమాకు డైలాగు కాగితం ముందుగా చేతికిచ్చేవారు. సీరియల్లో అంత తీరిక లేదు. కెమెరా పక్కన ఒక అసిస్టెంటు నిలబడి డైలాగు పైకి చదివి అందిస్తాడు. మనం విని, ఒక్క క్షణం ఆగి, ఆ మాటే ముఖంతో సహా అప్పజెబుతాం. దీన్ని ప్రాంప్టింగ్ అంటారు. గొంతు తర్వాత డబ్బింగులో కలుపుతారు. చీకటి గదిలో మైకు ముందు ఒక్కణ్ణే నిలబడి, "మేము చేయగలిగిందంతా చేశాం" అని ఎవరికీ కాకుండా చెప్పి రావాలి. ఏళ్ల తరబడి ఇలా చేశాక ఆ క్షణం ఆగడం నాకు ఇంట్లోనూ వచ్చేసింది. ఎవరైనా ఏమైనా అడిగితే వెంటనే జవాబు రాదు. ఎవరో అందిస్తారన్నట్టు ఎదురుచూస్తాను. కొత్తవాళ్లు నాకు చెవుడనుకుంటారు.

నా భార్య హైస్కూల్లో తెలుగు చెప్పేది. చదివే పుస్తకంలో అక్కర్లేని విశేషణం కనిపిస్తే పెన్సిల్‌తో దాని కింద గీత గీసేది. నా నటన గురించి ఆమె దగ్గర రెండే మాటలుండేవి: "ఎక్కువైంది", "సరిపోయింది". రెండో మాట అరుదు. ఒకరోజు టిఫిన్ చేస్తూ నా సీను చూసి, "చెప్పేసి వెళ్లిపోతాడేమిటండీ మీ డాక్టరు? కాసేపు ఉండడా?" అంది.

"నా పని అక్కడికి అయిపోతుంది కదా" అన్నాను.

"వాళ్ల పని అప్పుడే కదా మొదలయ్యేది" అంది.

ఆ తర్వాత పచ్చట్లో ఉప్పు తగ్గిందని అనుకున్నాం.

కిందటేడు వానాకాలంలో ఆమె పోయింది. నేను ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. నేను లేచి నిలబడ్డాను. ఆమె కళ్లద్దాలు తీయలేదు. "కూర్చోండి" అంది. నేను కూర్చున్నాక తనూ పక్కన కూర్చుంది. తర్వాతే చెప్పింది. చెప్పాక లేవలేదు. ఎవరో వచ్చి పిలిస్తే చేత్తోనే ఆగమంది. నేను ఏదో ఒకటి అనాలనుకున్నాను. ఆ మాట కోసం ఎదురుచూశాను. ఎవరూ అందించలేదు.

తర్వాత మా అమ్మాయి నన్ను దోహా తీసుకొచ్చింది. ఇక్కడ ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. అల్లుడు ఇంజనీరు, వెలుతురు రాకముందే సైటుకు వెళ్లిపోతాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక విల్లాలో సగం వీళ్లది, సగం ఒక మలయాళీ కుటుంబానిది. సీరియల్ వాళ్లు, డాక్టరు ఏదో సదస్సుకు విదేశం వెళ్లాడని ఒక్క మాటతో సరిపెట్టారు. ఒక రకంగా అది నిజమే. నాలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను, పెన్సిల్ గీతలున్నవి. కథ కంటే ఆ గీతలే ఎక్కువ చదువుతున్నాను. పొద్దున ఎండ ముదరకముందు సందు చివరిదాకా నడిచి వస్తాను.

పక్కది ఒక ఖతరీ కుటుంబం ఇల్లు. గేటును ఆనుకుని వాళ్ల డ్రైవరు గది. రాయచోటి వైపు మనిషి. మొదటి రోజే కారు తుడుస్తూ నన్ను చూసి గుడ్డ పక్కన పడేశాడు.

"సార్, మీరు డాక్టరు గదా?"

"కాదు బాబూ."

"అదే సార్, టీవీలో. మా యమ్మ మిమ్మల్ని చూస్తానే టీవీ ఆపేస్తాది. ఈయప్ప వచ్చినాడంటే ఇంగ ఎవురో పొయినట్లే అంటాది."

"మంచి పని చేస్తుంది" అన్నాను.

అప్పట్నుంచి రోజూ పలకరింపు. మూల కొట్టు నుంచి చిక్కటి యాలకుల టీ తెచ్చి ఇచ్చేవాడు. నా భార్య పోయిన సంగతి ఎలా తెలిసిందో గానీ, ఆ ఊసెత్తకుండా, "తిన్నారా సార్?" అని మాత్రం రెండు పూటలా అడిగేవాడు.

ఒక గురువారం పొద్దున అతను గేటు బయట నా కోసమే నిలబడి ఉన్నాడు. కారు తుడవలేదు. టీ కూడా తేలేదు.

అతనికి జగిత్యాల వైపు స్నేహితుడొకడున్నాడు. మొదటిసారి ఈ దేశం వచ్చినప్పుడు విమానంలో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. ఆ మనిషిది సైట్లో రాడ్డు కట్టే పని, ఉండేది ఊరి బయట బిర్కత్ అల్ అవామిర్‌లో కంపెనీ కూలీల క్యాంపు. అతని అక్క ముందురోజు పొద్దున ఊళ్లో పోయింది. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది ఆ అక్కే. బావ ఫోన్ చేసి నిజం డ్రైవరుకు చెప్పాడు. తమ్ముడికి మాత్రం, "సీరియస్‌గ ఉన్నది, బయలెల్లు" అని చెప్పాడు.

ఇది ఇక్కడి పద్ధతి. ఇంటి నుంచి చావు కబురు మనిషికి నేరుగా రాదు, స్నేహితుడికి వస్తుంది. మనిషికి వచ్చేది "సీరియస్" అన్న మాట. దూరదేశంలో, దారిలో, ఒంటరిగా ఉన్నవాణ్ణి ఆ కబురు ఏం చేస్తుందోనన్న భయం. కంపెనీ లీవు ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం విమానం. అక్కడ శవాన్ని ఐసు పెట్టెలో ఉంచారు. తమ్ముడు చేరాకే తీస్తారు.

"వాడు నమ్మల్యా సార్" అన్నాడు డ్రైవరు. "డాక్టరుతో మాట్లాడిచ్చండి, డాక్టరు చెప్తేనే అన్నం తింటా అని మొండికేసినాడు. నిన్నట్నుంచి ఏమీ ముట్టలేదంట."

"అయితే?"

అతను నేల వంక చూశాడు. "మీరొక్క ఫోన్ చేస్తే సార్. మీ ఫోన్లో ఉండేది హైదరాబాదు నంబరే గదా. కరీంనగరు ఆస్పత్రి నుంచి మాట్లాడుతాండా, సీరియస్సే గానీ ప్రాణానికి భయంల్యా అని ఒక్క మాట. రేపు సాయంత్రం దాకా మనిషి నిలబడితే సాలు."

"నేను డాక్టర్ని కాదు బాబూ."

"మీకంటే బాగా ఎవురు చెప్తారు సార్? ఇన్నేండ్లూ మీ పని అదే గదా."

ఎగతాళిగా అనలేదు. నిజంగానే అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. స్నేహితుడు డ్యూటీ నుంచి క్యాంపుకు వచ్చేది సాయంత్రమనీ, అప్పటిదాకా టైముందనీ అన్నాడు. లీవు చేతికొచ్చినా పనిలోకి పోయాడట, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని.

మధ్యాహ్నం అమ్మాయి స్కూలు నుంచి వచ్చి బెండకాయలు తరుగుతుంటే సంగతి చెప్పాను. ఆమె తరగడం ఆపలేదు.

"నాకూ అలాగే కదా నాన్నా చెప్పారు" అంది.

నాకు తెలుసు. ఆ రోజు నేను ఆస్పత్రి కాగితాల దగ్గర ఉన్నాను. అమ్మాయికి ఫోన్ చేసింది వాళ్ల మేనమామ. అమ్మకు సీరియస్‌గా ఉంది, రా అన్నాడు. దాని గురించి అమ్మాయి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.

"ఇక్కడ విమానం ఎక్కింది మొదలు అక్కడ దిగేదాకా మొక్కుకుంటూనే ఉన్నాను. ఒక్కొక్క దేవుణ్ణీ పట్టుకుని. అమ్మకు తగ్గితే ఇది చేస్తాను, అది మానేస్తాను అని. అప్పటికే అమ్మ లేదు. లేని మనిషి కోసం బేరాలాడుతూ కూర్చున్నాను."

"మావయ్య నీ మంచికే..."

"మంచికే. నేనేమన్నా అన్నానా ఆయన్ని? కానీ ఆ మొక్కులేం చేసుకోవాలో తెలియట్లేదు. తీర్చాలా, వద్దా? ఎవర్నడగను?"

"నిజం చెబితే దారంతా ఒక్కదానివే ఏడ్చేదానివి."

"ఏడ్చేదాన్ని. ఏడవడానికేగా వెళ్లింది." తరిగిన ముక్కల్ని పళ్లెంలోకి తోసింది. "మీ ఇష్టం నాన్నా. చెప్పండి, మానండి. డాక్టరులా మాత్రం చెప్పకండి."

సాయంత్రం డ్రైవరు గదికి వెళ్లాను. ఒక మంచం, టీ కాచుకునే కెటిల్, మూలన యజమాని పిల్లల పాత సైకిలు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి తను కింద కూర్చున్నాడు. వేషం ఒప్పుకున్న రోజు అడిగినట్టే అడిగాను: ఆమె వయసెంత, జబ్బేమిటి. గుండె అన్నాడు. వయసు తనకూ సరిగా తెలియదు. ఏం చెప్పాలో అప్పటికీ నేను తేల్చుకోలేదు. అతను నంబరు చదివాడు, నేను నొక్కాను.

"హలో. కరీంనగర్ నుంచి మాట్లాడుతున్నాను" అన్నాను. నోరు దానంతటదే అంది. అక్కడ ఆగిపోయాను.

అవతల ఎక్కడో గిన్నెల చప్పుడు, హిందీలో ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

"సార్, నువ్వు సీరియల్ల డాక్టర్ సారువు గదా?"

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"నాకెర్కే సార్ నీ గొంతు. మా రూముల రోజు వెడ్తరు ఆ సీరియల్." చిన్నగా నవ్వాడు. "నీ చేతుల వడ్డోడు ఒక్కడన్న బతికిండా సార్?"

ఎదురుగా డ్రైవరుకు మాటలు వినిపించడం లేదు గానీ నా ముఖం కనిపిస్తోంది. రెండు చేతులూ ఊపుతూ పెదవులతో అందిస్తున్నాడు. ప్రాణానికి భయంల్యా. ప్రాణానికి భయంల్యా. సెట్లో నాకు ఎంతోమంది డైలాగులు అందించారు. ఇంత ఆత్రంగా ఎవరూ అందించలేదు. మాట నాకు చేరింది. అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలోనే అతను అడిగాడు.

"మా అక్క పోయిందా సార్?"

"కూర్చున్నావా బాబూ?" అన్నాను.

"మంచం మీద కూసున్న."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"ఉన్నరు."

"పోయింది" అన్నాను. "నిన్న పొద్దున. నేను డాక్టర్ని కాదు. కరీంనగర్ నుంచి కూడా కాదు. ఇక్కడే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ నుంచి మాట్లాడుతున్నాను. నీ స్నేహితుడు నా ఎదురుగానే ఉన్నాడు."

డ్రైవరు తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఫోనులో ఏడుపు వినిపించింది. పక్కవాళ్లు ఏదో అడగడం, ఇతను చెప్పడం, మళ్లీ ఏడుపు. నేను ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఓదార్పు మాటలు కొన్ని గుర్తొచ్చాయి. అన్నీ ఎవరో ఎప్పుడో రాసిచ్చినవి. ఏదీ అనలేదు, ఫోన్ పెట్టేయనూ లేదు.

చాలాసేపటికి, "సార్, ఉన్నవా?" అన్నాడు.

"ఉన్నాను."

"గట్లయితే చీర గొనాలె సార్."

నాకు అర్థం కాలేదు.

"తల్లిగారింటి చీర. మా అక్కకు నేనే వెట్టాలె గదా. అవ్వ లేదు, నాయిన లేడు. నేను దప్ప ఎవలున్నరు ఆమెకు? మీరందరు సీరియస్ సీరియస్ అనబట్టె. నేను ఉట్టి చేతులతోని పోతుంటి సార్."

ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పి సాగనంపాలి. మా వైపూ ఉంది ఆ ఆచారం. బావకు తెలుసు, డ్రైవరుకు తెలుసు, నాకూ తెలుసు. అతన్ని ఎలా నిలబెట్టాలా అన్న ఆలోచనలో పడి, అతను చేయాల్సిన పని ఒకటుందని మాలో ఎవరికీ తోచలేదు. అతను ఉట్టి చేతులతో దిగితే ఆ ఊళ్లో ఎవరో అతని పేరు చెప్పి ఏదో ఒక చీర తెచ్చి కప్పేవాళ్లు. పని అయ్యేది. అక్కకు తమ్ముడి చీర మాత్రం అందేది కాదు.

నా భార్యకు పుట్టింటి చీర తెచ్చింది ఆమె తమ్ముడే. అమ్మాయికి అబద్ధం చెప్పిన మనిషే. ఆ రోజు అన్ని ఫోన్ల మధ్య ఎప్పుడు బజారుకు వెళ్లాడో, ఏ కొట్లో కొన్నాడో, నేను గమనించలేదు. ఎర్ర అంచు చీర. డ్రైవరు గదిలో కూర్చున్నప్పుడే అది నాకు గుర్తొచ్చింది.

శుక్రవారం పొద్దున డ్రైవరు తన యజమానిని అడిగి కారు తీశాడు. నేనూ ఎక్కాను. జుమ్మా నమాజుకు ముందే కొట్లు మూసేస్తారు, ఆలోపు కొనాలి.  క్యాంపుల వైపు రోడ్డు ఎక్కాక డ్రైవరు అన్నాడు:

"వాళ్ల బావ ఫోన్ చేసినాడు సార్. నిన్ను నమ్మి చెప్తే ఇట్లా చేస్తివా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"డాక్టరు చెప్పేసినాడన్నా. ఏ డాక్టరు అన్నాడు. మన డాక్టరే అన్నా." రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "ఇంగేమీ అడగల్యా."

క్యాంపు గేటు దగ్గర ఆ మనిషి సంచితో నిలబడి ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకుని ఉన్నాడు. కళ్లు వాచి ఉన్నాయి. వెనక సీట్లో నా పక్కన కూర్చుని కాసేపు నన్ను చూశాడు.

"టీవీల లావుగ కనవడ్తవ్ సార్."

"తిన్నావా?"

"తిన్న. పొద్దుగాల మా రూమోళ్లు వట్టుకొని తినవెట్టిన్రు."

నజ్మా బజారులో చీరల కొట్టతను మలయాళీ. హిందీలో మాట్లాడాడు. "షాదీ కే లియే?" అన్నాడు. అక్క కోసమని చెప్పాడితను. కొట్టతను ఉత్సాహంగా మెరుపు చీరలు దించి ఒకదాని మీద ఒకటి పరిచాడు. దీదీ చాలా సంతోషిస్తుందన్నాడు. డ్రైవరు ఏదో చెప్పబోతే ఇతను మోచేత్తో పొడిచాడు.

"చెప్పకు. చెప్తె అయ్యో పాపమని పైసలు తక్కువ జేస్తడు. మా అక్కకు పాపమని ఇచ్చిన చీర ఎందుకురా?"

తర్వాత నా వైపు తిరిగాడు. "ఏది మంచిగుంటది సార్?"

"మీ అక్కకు ఏ రంగు ఇష్టం?"

ఆలోచించాడు. "ఎన్నడు అడుగలే సార్. ఏటేటా డబ్బాల సబ్బులు, సెంట్లు, దుప్పట్లు గొంచవోయిన. రంగు అడుగలే." చీరలన్నీ పక్కకు జరిపి అడుగునున్న ఒక మామూలు పచ్చ చీర లాగాడు. "నాట్లకు పోయేటప్పుడు ఇసొంటిది గట్టేది. నేను ఎంబడి వోతే గట్టు మీద కూసుండవెట్టి, ఎండ గొడ్తదని పాత కొంగు ముక్క నెత్తిమీద గప్పేది. గిదియ్యి."

కొట్టతను అది పాత స్టాకనీ, ఇంతకంటే మంచివి ఉన్నాయనీ అన్నాడు. ఇతను అదే కావాలన్నాడు. కొంగు నుంచి అంచుదాకా విప్పించి, ఎక్కడా చిరుగు లేదని చూసుకుని, తనే మడత పెట్టాడు. బయటికి వస్తుంటే కొట్ల తలుపులు ఒక్కొక్కటే పడుతున్నాయి.

ఎయిర్‌పోర్ట్‌లో పెద్ద సంచి తూకానికి ఇచ్చి, చీర కవరు చేతిలోనే ఉంచుకున్నాడు. దాన్ని బెల్టు మీద వేయనన్నాడు. లోపలికి వెళ్లే వరుసలో నిలబడి ఉండగా, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు.

"మా అక్క గూడ జూసేది సార్ నీ సీరియల్. ఫోన్ల నిన్ను బగ్గ తిట్టేది."

"ఏమని?"

"ఈ డాక్టర్ నోట్లె మన్నువడ, ఒక్కనాడన్న మంచి మాట చెప్పడా అని."

"సరిగ్గానే అంది" అన్నాను.

అతను నవ్వుతూనే ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. డ్రైవరు మా ఇద్దర్నీ చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "పోయొస్త సార్" అని నా చేయి ఒకసారి పట్టుకుని వెళ్లాడు. అద్దం అవతల అతను కనిపించినంతసేపూ నిలబడ్డాం. కనిపించకుండా పోయాక కూడా డ్రైవరు కదలలేదు. వాళ్ల మేడమ్ ఫోన్ చేస్తే, "వస్తాండా, ట్రాఫిక్" అని చెప్పి పెట్టేశాడు.

వారం తిరక్కుండా ఆ మనిషి నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. అన్నం తింటూ స్పీకర్లో పెట్టాను. గొంతు బొంగురుపోయి ఉంది. "సార్, మంచిగ జరిగింది. అందరికన్న ముందుగాల నా చీరనే గప్పిన్రు. బావ మొదలు నా మీద, మన డ్రైవర్ మీద కోపానికచ్చిండు. సంచిలకెల్లి చీర దీసినంక ఏమనలే. మళ్ల వచ్చినంక కలుస్త సార్."

వంటింట్లో అమ్మాయి పంపు కట్టేసి విన్నది. తర్వాత తలుపు దగ్గరికి వచ్చి అడిగింది.

"అమ్మకు చీర ఎవరు తెచ్చారు నాన్నా?"

"మావయ్య."

తల ఊపి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత మేనమామకు ఫోన్ చేసి మాట్లాడింది. చీర గురించి కాదు, మొక్కుల గురించీ కాదు. ఆయన మోకాలి నొప్పి గురించి.

మొన్న సీరియల్ కో-డైరెక్టరు ఫోన్ చేశాడు. వచ్చే నెల షెడ్యూలుకు రాగలరా అని అడిగాడు. డాక్టరు సదస్సు నుంచి తిరిగొస్తాడు. వచ్చీ రాగానే హీరోయిన్ బాబాయికి ఆపరేషన్.

"బతుకుతాడా?" అన్నాను.

"మిమ్మల్ని పిలుస్తున్నామంటేనే తెలియడం లేదా సార్" అని నవ్వాడు. ఆ కుర్రవాడు మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, నా భార్య అంటే గౌరవం. వెంటనే నవ్వు ఆపేసుకుని, "సారీ సార్" అన్నాడు.

ఫరవాలేదన్నాను. వస్తానన్నాను. ఒకటి అడగనా అన్నాను. కబురు చెప్పాక ఈసారి నేను వెళ్లిపోను, అక్కడే ఉంటాను, కుదురుతుందా?

"ఎందుకు సార్? మీ డైలాగు అయిపోతుంది కదా. తర్వాతంతా వాళ్ల క్లోజప్పులే."

"డైలాగు అక్కర్లేదు. ఊరికే ఉంటాను."

 "కెమెరా మీ మీద ఉండదు సార్. మహా అయితే వైడ్ షాట్‌లో ఒక పక్కన కనిపిస్తారు."

ఒక పక్కన చాలన్నాను.